భయం నుంచి విడుదల: నికోబార్ బిషప్ జాన్ రిచర్డ్‌సన్ జీవితకథ

1952లో కొలువుదీరిన తొలి లోక్‌సభలో అండమాన్ నికోబార్ దీవుల స్థానానికి ఎన్నిక జరగలేదు. ఆ దీవుల తరఫున ఒక సభ్యుణ్ణి రాష్ట్రపతి నామినేట్ చేశారు. ఆ సభ్యుడు పేరుమోసిన రాజకీయ నాయకుడు కారు, న్యాయవాది కారు, సంపన్నుడూ కారు. కార్ నికోబార్ అనే చిన్న దీవిలో కొబ్బరితోటల మధ్య పుట్టి, బడిపంతులుగా పనిచేసి, క్రైస్తవ గురువై, చివరకు బిషప్ అయిన ఆదివాసి. ఆయన పేరు జాన్ రిచర్డ్‌సన్. తల్లిదండ్రులు పెట్టిన పేరు హా చెవ్ కా.

నికోబారీ ప్రజలు నేటికీ ఆయనను తమ జాతికి తండ్రివంటి వాడిగా తలుచుకుంటారు. అందుకు కారణం ఆయన చేపట్టిన పదవులు కాదు. తరతరాల భయాల మధ్య బతికిన ఒక సమాజం తన సొంత భాషలో ఒక గ్రంథాన్ని చదువుకుని, ఆ భయాల నుంచి బయటపడిన ప్రయాణానికి ఆయన ముందు నడిచారు. స్వాతంత్ర్యం అనగానే మనకు జెండా, శాసనసభ, ఎన్నికలు గుర్తుకు వస్తాయి. మనిషి లోపలి స్వాతంత్ర్యం వేరు. దానికి తెలుగు క్రైస్తవులు వాడే మాట విడుదల. రిచర్డ్‌సన్ జీవితం ఆ మాటకు ఒక వ్యాఖ్యానం వంటిది.

కొబ్బరి నీడలో భయం

పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కార్ నికోబార్. వైశాల్యం 127 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కొండలు లేని, పగడపు రాతి పునాది మీద ఏర్పడిన చదునైన దీవి. చుట్టూ తీరం వెంట పల్లెలు. గుంజల మీద నిలబెట్టి, తేనెతుట్టె ఆకారంలో గడ్డితో కప్పిన గుండ్రని ఇళ్లు ఒకప్పుడు ఆ పల్లెల ప్రత్యేకత. కొబ్బరి, మొగలి జాతికి చెందిన ఒక చెట్టు పండు, చేపలు, పందిమాంసం వారి ఆహారం. తుహెట్ అని పిలిచే పెద్ద ఉమ్మడి కుటుంబమే భూమికి, తోటలకు, పందులకు యజమాని. ఒంటరి మనిషికి ఆస్తి లేదు, అలాగని ఆకలితో ఒంటరిగా పడి ఉండే మనిషీ లేడు.

బయటి నుంచి చూసినవారికి అది చీకూచింతా లేని లోకంలా కనిపించేది. లోపల మాత్రం భయం ఉండేది. రోగం వచ్చినా, పంట తగ్గినా, పడవ మునిగినా దాని వెనుక ఏదో ఆత్మ ఉందని నమ్మేవారు. మంత్రవైద్యులు ఆ ఆత్మలతో మాట్లాడి శాంతింపజేసేవారు. వారిలో ఆకుపసర్ల వైద్యం, ఒళ్లు మర్దనా చేసే విద్య తెలిసినవారు ఎందరో ఉండేవారు. ఆ జ్ఞానాన్ని తక్కువ చేయడానికి లేదు. అయితే ఆ నమ్మకాలకు మరో ముఖం కూడా ఉంది. ఎవరైనా దుష్టశక్తికి లోనయ్యారని, ఊరికి కీడు చేస్తున్నారని పల్లె అంతా నమ్మితే, రాత్రివేళ వారిని చంపివేసే ఆచారం కార్ నికోబార్‌లో ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ అధికారులు ఈ హత్యలను తమ నివేదికల్లో పదే పదే నమోదు చేశారు. ఈ హత్యల వెనుక కక్ష కంటే భయమే ఎక్కువ. తాము బతకాలంటే ఆ మనిషి చావాలన్న నమ్మకమే అక్కడ తీర్పు చెప్పేది.

రెండో భయం అప్పు. కొబ్బరికాయల కోసం బర్మా నుంచి, భారత తీరం నుంచి, మలయా నుంచి వ్యాపారులు ఓడల్లో వచ్చేవారు. డబ్బు చలామణీ లేని దీవిలో బియ్యానికి, బట్టకు, కత్తికి, పొగాకుకు బదులుగా కొబ్బరికాయలు లెక్కపెట్టేవారు. సరుకు ముందు ఇచ్చి, కాయలు తర్వాత తీసుకునే ఈ పద్ధతిలో చదువురాని మనిషికి తన బాకీ ఎంతో తెలిసే అవకాశం ఉండేది కాదు. చదవడం, లెక్క రాయడం వచ్చినవాడు వ్యాపారి ఒక్కడే.

మూడో భయం పరాయి పాలకులు. డేన్‌లు, ఆస్ట్రియన్లు ఈ దీవుల మీద హక్కు చాటుకున్నారు. 1869లో బ్రిటిష్ వారు స్వాధీనం చేసుకుని, కమోర్తా దీవిలో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పి, 1888లో దాన్ని ఎత్తివేశారు. ఓడ నాయకుల పేర్లను తమ పేర్లుగా పెట్టుకోవడం నికోబారీలలో అప్పటికే వాడుకగా మారింది. ఎవరు వచ్చి జెండా పాతినా, ఆ జెండా అర్థం ఏమిటో ఆ దీవి ప్రజలను అడిగినవారు లేరు.

ముస్ గ్రామంలో బడి

క్రైస్తవ ప్రచారకులు నికోబార్‌కు రావడం కొత్త కాదు. తమిళ తీరంలోని డేనిష్ స్థావరం తరంగంబాడి నుంచి మొరేవియన్ సంఘం వారు 1768లో నాన్‌కౌరీ దీవికి చేరారు. దాదాపు 20 ఏళ్ల పాటు జ్వరాలతో, ఆకలితో, అర్థంకాని భాషతో పోరాడారు. ఎందరో అక్కడే మట్టిలో కలిశారు. చెప్పుకోదగ్గ ఫలితం లేకుండానే 1787లో ఆ ప్రయత్నం ముగిసింది. తరంగంబాడి పేరు తెలుగు వారికీ పరాయిది కాదు. అక్కడికి వచ్చి తర్వాత మద్రాసులో స్థిరపడిన బెంజమిన్ షుల్జ్ పద్దెనిమిదో శతాబ్దపు తొలి భాగంలోనే బైబిల్‌ను తెలుగులోకి అనువదించారు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు.

మొరేవియన్ల తర్వాత 100 ఏళ్లకు పైగా గడిచాక వచ్చిన మనిషి ఐరోపావాసి కాదు, తమిళుడు. వేదప్పన్ సోలమన్ అనే ఆంగ్లికన్ ఉపదేశి 1890ల్లో కార్ నికోబార్ ఉత్తర కొసన ఉన్న ముస్ గ్రామంలో కాపురం పెట్టారు. బడి నడిపారు, రోగులకు మందులిచ్చారు, ప్రభుత్వ ప్రతినిధిగా కూడా వ్యవహరించారు. గ్రామంలో ఏ రోజు ఏం జరిగిందో ఓపికగా రాసిపెట్టారు. ఆయన దినచర్య పుస్తకాల్లోని కొన్ని భాగాలు 1901 జనగణన నివేదికతో పాటు అచ్చయ్యాయి. పండుగలు, పడవ పందేలు, వ్యాధులు, హత్యలు అన్నీ అందులో ఉన్నాయి. ఒక నికోబారీ గ్రామం రోజువారీ జీవితం ఇంత దగ్గరగా కాగితం మీదకు ఎక్కడం అరుదు.

ముస్ గ్రామంలోనే పుట్టిన హా చెవ్ కా ఆ బడిలో చేరాడు. కొత్త విశ్వాసంతో పాటు జాన్ రిచర్డ్‌సన్ అన్న కొత్త పేరూ వచ్చింది. నికోబారీలకు విదేశీ పేర్లు వింత కావు కనుక ఆ పేరు ఎవరినీ ఆశ్చర్యపరచి ఉండదు. పేరుతో పాటు వచ్చిన అక్షరం మాత్రం కొత్తది.

మాండలే నుంచి తిరుగు ప్రయాణం

ఆ రోజుల్లో అండమాన్ నికోబార్ దీవులు చర్చి పాలనలో రంగూన్ మేత్రాసనం కింద ఉండేవి. అందువల్ల చురుకైన నికోబారీ బాలురను పై చదువుకు బర్మా పంపేవారు. అలా వెళ్లిన వారిలో రిచర్డ్‌సన్ ఒకరు. మాండలేలోని ఆంగ్లికన్ మిషన్‌లో చదువుకున్నారు. సముద్రమే హద్దుగా పెరిగిన పిల్లవాడికి అది ఇరావతి నది ఒడ్డున ఉన్న ఒక పాత రాజధాని. బౌద్ధ విహారాలు, రైళ్లు, బజార్లు, రకరకాల భాషలు అక్కడ ఆయన చూశారు.

చదువుకున్నవాడికి బర్మాలో కొలువు దొరకడం ఆ కాలంలో కష్టం కాదు. తెలుగు ప్రాంతాల నుంచి వేలమంది కూలీలు, గుమాస్తాలు రంగూన్‌కు ఓడలెక్కిన రోజులవి. రిచర్డ్‌సన్ మాత్రం వెనక్కి వచ్చారు. సోలమన్ 1909లో కన్నుమూశారు. ముస్ బడికి దిక్కు లేకుండా పోతుందేమో అన్న పరిస్థితిలో 1912లో ఆయన ఉపాధ్యాయుడిగా సొంత గ్రామానికి చేరారు. ఆ తర్వాత జీవితమంతా ఆ దీవితోనే.

ఆయన పని బడి గోడల మధ్య ఆగలేదు. పిల్లలకు చదువుతో పాటు ఫుట్‌బాల్ నేర్పారు. నికోబార్‌కు ఆ ఆటను పరిచయం చేసినవారు రిచర్డ్‌సనేనని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. పడవ పందేలలో ఊరికి ఊరు పోటీపడే సమాజానికి ఆ ఆట వెంటనే నచ్చింది. ఉపాధ్యాయుడు, ఉపదేశి, తగవులు తీర్చే పెద్ద, రోగి పక్కన కూర్చునే బంధువు అన్నీ తానే అయ్యారు. 1934లో ఆయనకు గురు అభిషేకం జరిగింది. నికోబారీలకు వారి రక్తం పంచుకున్న మనిషే మతగురువుగా లభించారు.

అయినా మార్పు మెల్లగా జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి దీవిలో క్రైస్తవుల సంఖ్య కొన్ని వందలు మాత్రమే. మిగిలినవారు చూస్తూ ఉన్నారు. తమ మధ్యే బతుకుతూ, ఆత్మలకు బలులు ఇవ్వకుండా, అయినా ఏ కీడూ సోకకుండా తిరుగుతున్న పొరుగువారిని గమనిస్తూ ఉన్నారు. భయం ఉపన్యాసాలతో పోదు. భయపడకుండా బతుకుతున్న మనిషిని ఏళ్ల తరబడి చూసినప్పుడే అది సడలుతుంది.

సొంత మాటలో గ్రంథం

రిచర్డ్‌సన్ చేసిన పనులన్నింటిలో నిలిచిపోయినది అనువాదం. కార్ నికోబారీ భాషకు సొంత లిపి లేదు. దానిని రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి మిషన్ కాలంలోనే మొదలైంది. జార్జ్ వైట్‌హెడ్ అనే ఆంగ్లికన్ గురువు ఆ దీవిలో కొన్నేళ్లు ఉండి కూర్చిన నిఘంటువు 1925లో రంగూన్‌లో అచ్చయింది. సువార్త భాగాలు 1913 నుంచి వెలువడసాగాయి. ఆ పునాది మీద కొత్త నిబంధన మొత్తాన్ని నికోబారీలోకి తెచ్చే బరువు రిచర్డ్‌సన్ మోశారు. ఆ గ్రంథం 1950లో వెలువడింది. సంపూర్ణ బైబిల్ 1969లో వచ్చింది.

ఈ పని ఎంత కష్టమో ఊహించవచ్చు. బైబిల్‌లో అడుగడుగునా గొర్రెలు, కాపరులు కనిపిస్తారు. నికోబారీ బతుకులో గొర్రెల మంద లేదు, పందులే వారి సంపద. బైబిల్‌లో గోధుమ చేలు, ద్రాక్షతోటలు, ఎడారి దారులు ఉంటాయి. అక్కడ ఉన్నవి కొబ్బరి, పగడపు దిబ్బలు, సముద్రం. రాజు, దేవాలయం, సుంకరి, దాసుడు వంటి మాటలకు సరిపోయే వ్యవస్థలు ఆ సమాజంలో లేవు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, తాతముత్తాతలు వాడిన మాటల్లో ఏది దీనికి దగ్గరగా ఉందో వెతకాలి. అలా వెతకడమే ఒక ధ్యానం. పరాయి భాషలో ఒప్పజెప్పిన మాట నాలుక మీద ఉండిపోతుంది. అమ్మ భాషలో దొరికిన మాట మనసులోకి దిగుతుంది.

కొన్ని భాగాలు మాత్రం ద్వీపవాసికి ఏ వ్యాఖ్యానమూ లేకుండానే అందుతాయి. చేపలు పట్టేవారే మొదటి శిష్యులు. చిన్న పడవ తుపానులో చిక్కుకోవడం, అందులోనివారు ప్రాణభయంతో కేకలు వేయడం నికోబారీకి నిత్యానుభవం. అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయాల్లో ఖైదీగా ప్రయాణిస్తున్న పౌలు ఓడ పగిలి ఒక దీవికి కొట్టుకువస్తాడు. అక్కడి ప్రజలు వానలో తడిసిన పరాయివారికి నెగళ్లు వేసి ఆదరిస్తారు. చరిత్ర పుస్తకాలలో తమను ఓడల మీద దాడి చేసే అనాగరికులుగా చిత్రించడం నికోబారీలకు తెలిసినదే. అటువంటివారికి పరిశుద్ధ గ్రంథంలోనే మంచివారైన ద్వీపవాసులు ఎదురుకావడం చిన్న విషయం కాదు.

నికోబారీ భాషకు, తెలుగు నేలకు ఒక దూరపు చుట్టరికం ఉంది. అది ఆస్ట్రో ఆసియాటిక్ కుటుంబానికి చెందినది. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో వినిపించే సవర భాషదీ అదే కుటుంబం. రిచర్డ్‌సన్ నికోబార్‌లో పనిచేస్తున్న కాలంలోనే పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులు సవర భాషను నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించేందుకు పాటుపడ్డారు. వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఒకరు క్రైస్తవ గురువు, మరొకరు వాడుక భాషా ఉద్యమకారుడు. ఒకరి పేరు మరొకరు విని ఉండకపోవచ్చు. పిల్లవాడికి మొదటి వెలుగు వాడి ఇంటి మాటలోనే రావాలన్న దృష్టి మాత్రం ఇద్దరి పనిలోనూ ఒక్కటే.

ఈ చదువుతో వచ్చిన స్వేచ్ఛ ఒక్క మతానికి సంబంధించినది కాదు. సువార్త చదవగలిగినవాడు వ్యాపారి పద్దు కూడా చదవగలడు. ఉత్తరం రాయగలడు. ప్రభుత్వ ఉత్తర్వులో ఏముందో మరొకరిని అడగనక్కరలేదు. రోగానికి కారణం పక్కింటి మనిషి కాదని అర్థం చేసుకున్న ఊరు రాత్రివేళ ఎవరి ఇంటి మీదకూ వెళ్లదు. భయం తగ్గిన చోట హింస తగ్గింది.

ఆక్రమణ చీకటి

1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. కార్ నికోబార్ కూడా వారి చేతుల్లోకి వెళ్లింది. దీవి చదునుగా ఉండటంతో అక్కడ విమానస్థావరం నిర్మించారు. ఆ పనికి, రోడ్ల పనికి ద్వీపవాసులతో వెట్టిచాకిరీ చేయించారు. పందులు, కొబ్బరి, తిండి సైన్యం పాలయ్యాయి. బయటి నుంచి ఓడలు రాకపోవడంతో బియ్యం, బట్టలు, మందులు కరువయ్యాయి.

1945 జూలైలో బ్రిటిష్ నౌకాదళం కార్ నికోబార్ మీద దాడి చేసింది. తమ స్థావరాల గురించి శత్రువుకు సంకేతాలు వెళుతున్నాయన్న అనుమానం జపాన్ అధికారులలో పెరిగింది. ఆ అనుమానం ద్వీపవాసుల మీద పడింది. ఎందరినో పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు, నేరం ఒప్పించారు, చంపారు. చదువు, ఇంగ్లీషు తెలిసినవారి మీద, చర్చితో సంబంధం ఉన్నవారి మీద అనుమానం మరింత ఎక్కువ. యుద్ధం ముగిశాక 1946లో సింగపూర్‌లో జరిగిన యుద్ధనేరాల విచారణల్లో కార్ నికోబార్ హత్యల కేసు ఒకటి. అక్కడి సేనాధిపతికి మరణశిక్ష పడింది.

నికోబారీ క్రైస్తవుల నాయకుడైన రిచర్డ్‌సన్ ఈ కాలమంతా ప్రజల మధ్యనే ఉన్నారు. చంపదలచినవారి జాబితాలో ఆయన పేరు కూడా ఉండేదని, యుద్ధం ముగియడం వల్లనే ఆయన బతికి బయటపడ్డారని దీవిలో నేటికీ చెప్పుకుంటారు. 1945 అక్టోబరులో జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో లాంఛనంగా లొంగిపోయాయి.

ఇక్కడే ఆ దీవి చరిత్రలోని అసలైన మలుపు ఉంది. అంత వేదన తర్వాత ఒక సమాజం పగలోకి జారిపోవచ్చు, లేదా నిరాశలో కుంగిపోవచ్చు. కార్ నికోబార్‌లో జరిగింది వేరు. యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లలోనే పల్లెలకు పల్లెలు రిచర్డ్‌సన్ విశ్వాసాన్ని తమదిగా చేసుకున్నాయి. అంతవరకు కొన్ని వందలుగా ఉన్న సంఘం దాదాపు దీవి అంతటికీ విస్తరించింది. అప్పటికి అక్కడ విదేశీ మిషనరీల అధికారం గానీ, డబ్బు ఆశ చూపేవారు గానీ లేరు. ఆపద వేళ విడిచిపోని మనిషిని, ఆ మనిషిని నిలబెట్టిన గ్రంథాన్ని వారు కళ్లారా చూశారు. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన జనం కథ, చెరసాలలో కూర్చుని లేఖలు రాసిన పౌలు కథ, విమానస్థావరం కోసం రాళ్లు మోసినవారికి దూరదేశపు కథలు కావు.

వెట్టిచాకిరీ చేసినవారి శరీరాలు పరాయివారి అధీనంలో ఉన్నాయి. వారి మనసులు మాత్రం ఆ అధీనంలోకి వెళ్లలేదు. లేఖనాల మీద ధ్యానం ఇచ్చే స్వాతంత్ర్యం ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

బిషప్, పార్లమెంటు సభ్యుడు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక అండమాన్ నికోబార్ చర్చి కలకత్తా మేత్రాసనం కిందకు వచ్చింది. 1950 జనవరిలో రిచర్డ్‌సన్‌కు సహాయ బిషప్‌గా అభిషేకం జరిగింది. భారత గణతంత్రం ఆవిర్భవించిన నెలలోనే ఒక నికోబారీ ఆదివాసి బిషప్ దండం చేపట్టారు. 1966లో దీవులు ప్రత్యేక మేత్రాసనంగా ఏర్పడినప్పుడు దానికి తొలి బిషప్ ఆయనే. 1970లో ఉత్తర భారత ఆంగ్లికన్, ఇతర ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాగా ఏర్పడినప్పుడు ఆ మేత్రాసనం అందులో భాగమైంది.

1952 నుంచి 1957 వరకు ఆయన లోక్‌సభ సభ్యులుగా ఉన్నారు. ఆ దీవుల ప్రజలు తమ ఎంపీని ఓటు ద్వారా ఎన్నుకోవడం 1967 నుంచే సాధ్యమైంది. ఆయన పదవీకాలంలోనే, 1956లో, అండమాన్ నికోబార్ ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ అమలులోకి వచ్చింది. బయటివారు ఆదివాసి ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, భూమి పొందడం, వ్యాపారం చేయడం మీద అది ఆంక్షలు విధించింది. నికోబార్‌కు వెళ్లాలంటే నేటికీ అనుమతి పత్రం కావాలి. అక్కడి నేల ఇంకా నికోబారీల చేతుల్లోనే ఉండటానికి ఆ చట్టం ఒక ముఖ్య కారణం. లోపలి భయం తొలగిన ప్రజలకు బయటి దోపిడీ నుంచి చట్టం రక్షణ ఇచ్చింది. ఒకటి లేకుండా మరొకటి నిలిచేది కాదు.

కేంద్ర ప్రభుత్వం పద్మ పురస్కారాలతో ఆయనను గౌరవించింది. కార్ నికోబార్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి నేడు ఆయన పేరుతోనే నడుస్తోంది.

పాతది ఎంత పోయింది?

ఆదివాసి సమాజంలోకి కొత్త మతం వచ్చినప్పుడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఒక భయాన్ని తొలగించిన విశ్వాసం మరో పెత్తనంగా మారలేదా? పాత పాటలు, పాత పండుగలు, పాత జ్ఞానం దాని కింద నలిగిపోలేదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రపంచంలోని ఎన్నో దీవులలో, అడవులలో అలా జరిగింది. నికోబార్‌లోనూ కొన్ని కర్మకాండలు మరుగున పడ్డాయి. వాటితో ముడిపడిన మాటలు, పాటలు కొన్ని మసకబారి ఉంటాయి.

అయితే మిగిలినది తక్కువేమీ కాదు. తుహెట్ వ్యవస్థ నిలిచింది. ఊరి పెద్దల సభ నిలిచింది. పందుల విందు, పితరుల స్మరణ, పడవ పందేలు చర్చి గంటతో పాటు కొనసాగుతున్నాయి. సముద్రపు ఒడ్డున ఊరుమ్మడి స్థలమైన ఎల్‌పనమ్‌కు పూర్వపు గౌరవం పోలేదు. ప్రార్థన నికోబారీలో, పాట నికోబారీలో, గ్రంథం నికోబారీలో ఉంది. బిషప్ కూడా వారి తుహెట్లలో ఒకదానికి చెందిన మనిషే. మార్పును బయటివాడు రుద్దడం వేరు, ఇంటివాడు తెచ్చి, ఇంటివారు ఏళ్ల తరబడి తూచి అంగీకరించడం వేరు. రిచర్డ్‌సన్ జీవితం రెండో దారికి చెందినది.

ఆయన అందరి విమర్శకూ అతీతులని ఈ మాటలకు అర్థం కాదు. మతాన్ని కొలవవలసింది అది మనిషిని నిటారుగా నిలబెట్టిందా, వంగేలా చేసిందా అన్న ప్రశ్నతో. ఆ కొలతకు కార్ నికోబార్ ఇచ్చే జవాబు స్పష్టంగా ఉంది.

సునామీ తర్వాత

బిషప్ రిచర్డ్‌సన్ 1978 జూన్‌లో కన్నుమూశారు. బ్రిటిష్ పాలన, జపాన్ ఆక్రమణ, మళ్లీ బ్రిటిష్ పాలన, ఆపై స్వతంత్ర భారతం, ఇన్ని ఏలుబడులను ఒకే జీవితంలో చూసిన మనిషి ఆయన. జెండాలు మారుతూ వచ్చాయి. ఆయన చేతిలోని పుస్తకం, ఆయన ఉన్న ఊరు మారలేదు.

ఆయన పోయిన 26 ఏళ్లకు, 2004 డిసెంబరు 26న, సునామీ కార్ నికోబార్‌ను ముంచెత్తింది. క్రిస్మస్ మరునాడు, ఆదివారం ఉదయం అది జరిగింది. తీరం వెంట ఉన్న పల్లెలు, కొబ్బరితోటలు, ఇళ్లు, ప్రార్థనా మందిరాలు తుడిచిపెట్టుకుపోయాయి. జపాన్ కాలపు విమానస్థావరం ఉన్నచోటే వెలసిన వాయుసేన స్థావరం కూడా దెబ్బతిన్నది. బతికినవారు దీవి లోపలి ఎత్తైన ప్రదేశాలకు తరలి, తాత్కాలిక గుడారాల్లో తలదాచుకున్నారు. కుటుంబాలకు కుటుంబాలు పోయిన ఆ రోజుల్లో తుహెట్ బంధం, సంఘ ప్రార్థన వారిని ఒకచోట నిలిపాయి. మెల్లగా ఊళ్లు తిరిగి లేచాయి.

2011 జనగణన ప్రకారం కార్ నికోబార్ జనాభా దాదాపు 18 వేలు. నికోబార్ జిల్లాలో నూటికి 70 మంది వరకు క్రైస్తవులు. అదే జనగణన లెక్కలో అండమాన్ నికోబార్ దీవులన్నిటిలో కలిపి నూటికి 13 మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ వీధుల్లో మన మాట వినిపించడం అందుకే వింత కాదు. పొట్టచేత పట్టుకుని ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడలెక్కిన ఆ కుటుంబాలకు పొరుగువారైన నికోబారీల కథ తెలియడం అవసరం. ఆ కథకు కేంద్రంలో ఉన్నవారు రిచర్డ్‌సన్.

ఆయన విశ్వాసాన్ని పంచుకునేవారికి ఆయన ఒక సాక్షి. పంచుకోనివారికి కూడా ఆయన జీవితం ఒక విషయం గుర్తుచేస్తుంది. రాజ్యాంగం హక్కులు ఇస్తుంది, చట్టం కాపలా కాస్తుంది. పొరుగువాడిని చూసి భయపడకుండా బతకడం, చేతిలోకి వచ్చిన పుస్తకాన్ని తన భాషలో తానే చదువుకుని తానే ఆలోచించుకోవడం మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వగలిగేవి కావు. కార్ నికోబార్ పిల్లవాడు ఈనాడు తన అమ్మ భాషలో పుస్తకం తెరిచి చదువుతున్నాడంటే, ముస్ గ్రామపు బడిపంతులు మాండలే నుంచి తిరిగి రావడం అందుకు ఒక కారణం.